వీధి మలుపు హోటలుకు కొత్త బోర్డు

జుమా నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగుతున్నారు. కొందరు ఇంటిదారి పట్టారు. కొందరు అలవాటుగా వీధి మలుపులో ఉన్న హోటలు వైపు నడిచారు. అక్కడ గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయనకు వచ్చినవారిలో సగంమంది పేర్లు తెలుసు. ఎవరికి చక్కెర తక్కువ వేయాలో, ఎవరికి వన్ బై టూ చాయ్ పంపాలో ఆయన చెప్పకుండానే పనివాళ్లకూ తెలుసు. ఇలాంటి హోటలు మన రాష్ట్రాల్లో ముస్లింలు నివసించే ప్రతి పేటలోనూ ఒకటి కనిపిస్తుంది. మీ పేటలోనూ ఉండే ఉంటుంది.

ఇప్పుడు ఆ పెద్దాయన కొడుకు చదువు ముగించి వచ్చాడనుకుందాం. చేతిలో కంప్యూటర్ మీద గీయించిన కొత్త బోర్డు బొమ్మ ఉంది. పేరు మార్చాడు, రంగు మార్చాడు, పక్కన ఒక గుర్తు పెట్టాడు.

"అబ్బా, ఈ పాత బోర్డు చూసి కొత్తవాళ్లెవరూ లోపలికి రావడం లేదు. మార్చేద్దాం" అంటాడు కొడుకు.

"పాతవాళ్లు వస్తున్నారు కదా బేటా. బోర్డు మారితే వాళ్లు మనదే అనుకుంటారా?" అంటాడు తండ్రి.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఒకప్పుడు హోటలు నడిపేవాడికి ఆ వీధిలోని మనుషులే గిరాకీ. ఇవాళ ఊరికి ఆ చివర ఉన్నవారు కూడా ఫోనులో చూసి బిర్యానీ తెప్పించుకుంటున్నారు. వారికి మీ గల్లా దగ్గరి పెద్దాయన ముఖం తెలియదు. ఫోనులో బొటనవేలి గోరంత కనిపించే గుర్తు, పక్కన పేరు, కింద నాలుగు ఫోటోలు, అంతే. కాబట్టి హోటలు తనను తాను ఎలా చెప్పుకోవాలి అనే ప్రశ్న చిన్న హోటళ్ల వాకిలి దాకా వచ్చింది. పెద్ద కంపెనీలు దీన్నే బ్రాండ్ అంటాయి. మన పెద్దలు 'పేరు' అన్నారు. "ఫలానా హోటలుకు పేరుంది" అంటే అర్థం అదే.

గుర్తు ఎక్కడుంది?

బోర్డు మార్చాలనుకునేవారు మొట్టమొదట ఒక పని చేయాలి. చిత్రకారుడి దగ్గరకు వెళ్లక ముందే రోజూ వచ్చే పదిమందిని విడివిడిగా ఒక ప్రశ్న అడగాలి: "ఊరి నుంచి వచ్చిన మీ బావమరిదికి మా హోటలు గుర్తు చెప్పాలంటే ఏమని చెబుతారు?" వచ్చే జవాబులు చాలాసార్లు యజమాని ఊహించనివై ఉంటాయి. ఒకరు "వేపచెట్టు కింద పచ్చ తలుపుల హోటలు" అంటారు. మరొకరు "పొద్దున్నే నాలుగింటికే ఖీమా, రోటీ దొరికే చోటు" అంటారు. ఇంకొకరు "అక్కడ సమోసాలో ఉల్లిపాయ కరకరలాడుతుంది" అంటారు. బోర్డు మీద ఉన్న పేరు ఎవరికీ గుర్తుండకపోవచ్చు కూడా.

ఆ జవాబులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. అందులో పదేపదే వచ్చిన మాటలే మీ హోటలు అసలు గుర్తు. పచ్చ తలుపులు అని ఆరుగురు చెబితే ఆ పచ్చరంగును తుడిచేసి నలుపు, బంగారం రంగులు వేయడం నష్టమే. అదే రంగును శుభ్రంగా, కొత్తగా వేసి, బోర్డు మీదికీ, పార్సిల్ సంచి మీదికీ, బిల్లు మీదికీ తీసుకురావడం తెలివైన పని.

అదే కాగితం మీద రెండో వరుసలో, రానివారు ఎందుకు రావడం లేదో రాయాలి. వారిని వెతికి అడగాలి. లోపల చీకటిగా ఉంటుంది, బల్లలు జిడ్డుగా ఉంటాయి, ఆడవాళ్లతో కూర్చోవడానికి చోటు లేదు, ధర ఎంతో ముందుగా తెలియదు. ఇలాంటి జవాబులు వస్తాయి. గమనించండి, ఇందులో ఒక్కటి కూడా కొత్త బోర్డుతో తీరేది కాదు. ఇవి తీర్చకుండా బోర్డు మాత్రం మారిస్తే, కొత్తగా వచ్చినవాడు ఒక్కసారి వచ్చి మళ్లీ రాడు. పాతవాడు మాత్రం "డబ్బు వచ్చింది, పద్ధతి మారింది" అనుకుంటాడు.

ఇరానీ హోటళ్లు చెప్పే పాఠం

ఈ విషయంలో హైదరాబాదు ఇరానీ హోటళ్ల కథ తెలుసుకోదగినది. 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మొదటి భాగం వరకు ఇరాన్ నుంచి, ముఖ్యంగా యజ్ద్ ప్రాంతం నుంచి, వచ్చినవారు బొంబాయి, పుణె, హైదరాబాదులలో చాయ్ హోటళ్లు తెరిచారు. రెండు వీధులు కలిసే మూల దుకాణాలను ఏరికోరి తీసుకున్నారు. పాలరాతి పలక బిగించిన బల్లలు, వంచిన చెక్కతో చేసిన కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు, గల్లా మీద గాజు సీసాల్లో బిస్కట్లు. డికాక్షన్ వేరుగా మరుగుతుంది, పాలు వేరుగా చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కట్.

ఏ నిపుణుడూ గీసి ఇవ్వకపోయినా ఇవన్నీ కలిసి ఎంత బలమైన గుర్తు అయ్యాయో చూడండి. బోర్డు చదవనివాడు కూడా లోపలికి తొంగిచూసి "ఇది ఇరానీ హోటలు" అని చెప్పేవాడు. తర్వాతి కాలంలో చాలా హోటళ్లు మూతపడ్డాయి. స్థలం ధర పెరిగింది. పిల్లలు వేరే వృత్తుల్లోకి వెళ్లారు. ఒక్క చాయ్‌తో గంటసేపు కూర్చునేవారి వల్ల అద్దె గిట్టదు. కొన్ని హోటళ్లు నిలబడాలని పాలరాతి బల్లలు తీసేసి రేకు బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు వేశాయి. పాత సామాను తుక్కువాడికి పోయింది.

మరోవైపు 2010లో లండన్ నగరంలో డిషూమ్ అనే రెస్టారెంటు తెరిచారు. బొంబాయి ఇరానీ కేఫ్‌ల రూపాన్నే అది తన గుర్తుగా తీసుకుంది. అవే వంచిన చెక్క కుర్చీలు, అవే పాలరాతి బల్లలు, గోడలకు పాత ఫోటోలు. అక్కడ తినడానికి జనం వరుసలో నిలబడతారు. మన పెద్దలు తుక్కు కింద అమ్మినదాన్ని వాళ్లు సొమ్ము పోసి మళ్లీ చేయించుకున్నారన్నమాట. పాతదంతా బంగారమని దీని అర్థం కాదు. మన దగ్గర ఉన్నదాని విలువ లెక్క కట్టకుండా పారేయకూడదని మాత్రమే.

హైదరాబాదులోనే మరో ఉదాహరణ ఉంది. నీలోఫర్ ఆసుపత్రి సమీపంలోని కేఫ్ నీలోఫర్‌ను మొదట నడిపింది ఇరానీలు. అందులో పనివాడిగా చేరిన బాబూరావు అనే ఆయన క్రమంగా దానికి యజమాని అయ్యారు. యజమాని మారారు, మతం మారింది, ఊళ్లో కొత్త శాఖలు వచ్చాయి, బిస్కట్లు అందమైన డబ్బాల్లోకి వచ్చాయి. పేరు మాత్రం మారలేదు. నిజాం కోడలు నీలోఫర్ పేరుతో వెలసిన ఆసుపత్రి పేరే ఇప్పటికీ ఆ చాయ్ పేరు. పేరు మార్చి ఉంటే అది మరొక చాయ్ దుకాణం అయ్యేది, అంతే. సికింద్రాబాదులో ప్యారడైజ్ కూడా 1953లో సినిమా హాలును ఆనుకొని ఉన్న చిన్న కేఫ్‌గానే మొదలైంది. ఆ సినిమా హాలు పోయింది. హోటలు నిలిచింది, ఆ కూడలికీ అదే పేరు నిలిచింది.

పేరు దాచుకోవాలా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. కొడుకు గీయించిన బొమ్మలో మారింది రంగు ఒక్కటే కాదు, పేరు కూడా. తాతగారు పెట్టిన ముస్లిం పేరు తీసేసి ఏ మతమూ తెలియని ఇంగ్లీషు పేరు పెట్టాడు. ఎందుకని అడిగితే కొంచెం తటపటాయించి, "రోజులు బాగా లేవు అబ్బా" అంటాడు. ఈ మాట ఇవాళ చాలా ఇళ్లల్లో వినిపిస్తున్నదే. దీన్ని పిరికితనం అని తోసెయ్యలేం. ఆ కుర్రవాడు పేపరు చదువుతున్నాడు.

2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో కావడి యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలన్నీ యజమానుల పేర్లు బోర్డుల మీద రాయాలని పోలీసులు చెప్పారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జూలై 22న కోర్టు ఆ ఆదేశాలపై మధ్యంతర స్టే ఇచ్చింది. ఏ రకమైన ఆహారం పెడుతున్నారో చెప్పమనవచ్చు గానీ, యజమాని పేరు, పనివాళ్ల పేర్లు రాయమని బలవంతం చేయరాదన్నది ఆ ఉత్తర్వు సారం.

ఆ ధర్మాసనంలో ఉన్న ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. విచారణ సందర్భంగా ఆయన కేరళలో తాను న్యాయమూర్తిగా ఉన్నప్పటి అనుభవం చెప్పారు. ఆ ఊళ్లో రెండు శాకాహార హోటళ్లు ఉండేవి. ఒకటి హిందువుది, ఒకటి ముస్లింది. ఆయన వెళ్లేది ముస్లిం నడిపే శాకాహార హోటలుకే. ఆ యజమాని దుబాయ్ నుంచి తిరిగి వచ్చినవాడు. శుభ్రతలో అంతర్జాతీయ ప్రమాణాలు పాటిస్తూ, వివరాలన్నీ అందరికీ కనపడేలా పెట్టేవాడు. ఆ యజమాని ఎవరో న్యాయమూర్తికి తెలియకపోలేదు. తెలిసే వెళ్లారు. ఆయన్ని అక్కడికి రప్పించింది శుభ్రమైన వంటిల్లు.

పేరు మార్చినంత మాత్రాన కష్టం తప్పుతుందనుకోవడం కూడా పొరపాటే. కరాచీ బేకరీ సంగతి అందరికీ తెలిసిందే. దేశ విభజన సమయంలో కరాచీ నుంచి వచ్చిన సింధీ హిందూ కుటుంబం 1953లో హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ దగ్గర దాన్ని ప్రారంభించింది. పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నారు. 2019 ఫిబ్రవరిలో బెంగుళూరులో ఆ పేరు మీద గొడవ చేస్తే, అక్కడి దుకాణంలో కొన్నాళ్లు 'కరాచీ' అన్న మాటను గుడ్డతో కప్పవలసి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ దుకాణం బోర్డును కొందరు పాడుచేశారు. అయినా ఆ కుటుంబం పేరు మార్చుకోలేదు. డెబ్బై ఏళ్లుగా ఆ ఫ్రూట్ బిస్కట్ కొనేవారికి అది పరాయి పేరు కాదు.

అందుకని ఎవరూ ఎన్నడూ పేరు మార్చకూడదని కాదు. పేరు మార్చడానికి మంచి కారణాలూ ఉన్నాయి. ఒకే ఊళ్లో అదే పేరుతో నాలుగు హోటళ్లుంటే మార్చుకోవచ్చు. ఎవరికీ నోరు తిరగని పేరైతే మార్చుకోవచ్చు. భాగస్వాములు విడిపోతే మార్చుకోవచ్చు. భయంతో మాత్రం మార్చవద్దు. గిరాకీకి తాను మోసపోయానని అనిపించేలా అసలే మార్చవద్దు. దాచినది బయటపడిన రోజున, నిన్నటిదాకా ఇష్టంగా తిన్నవాడికి కూడా అనుమానం వస్తుంది. మొదటి నుంచీ తలుపు తెరిచి ఉన్నవాడి మీద ఆ అనుమానానికి చోటు తక్కువ. వీలైతే వంటింటికి గోడకు బదులు అద్దం పెట్టించండి. బోర్డు మీద పెట్టే ఖర్చు కంటే అది ఎక్కువ ఫలితమిస్తుంది.

పవిత్ర నామాలు పార్సిల్ సంచి మీద వద్దు

మన హోటళ్ల పేర్లలో మరొక జాగ్రత్త ఉంది. బిస్మిల్లా, మదీనా, కాబా వంటి మాటలు గౌరవంతోనే పెట్టుకుంటాం. గల్లా వెనుక గోడ మీద 786 రాసుకుంటాం. అది గోడ మీద ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. కానీ కొత్త పద్ధతిలో పేరూ గుర్తూ అన్నిటి మీదా అచ్చవుతాయి. పార్సిల్ సంచి, చేతులు తుడుచుకునే కాగితం, కాగితపు కప్పు, సాంబారు పొట్లం మీది అంటింపు కాగితం కూడా. సాయంత్రానికి అవన్నీ ఎక్కడ తేలతాయి? చెత్తకుండీలో, మురుగు కాలువలో, జనం కాళ్ల కింద. మసీదు మినారు బొమ్మ వేసిన సంచి కూడా అక్కడే ఉంటుంది.

ఇలాంటి పేరున్న హోటలువారు పూర్తి పేరును, ఆయతులను, పవిత్ర స్థలాల బొమ్మలను గోడకూ బోర్డుకూ పరిమితం చేయాలి. పారేసే వస్తువుల మీద వేరే చిన్న గుర్తు పెట్టుకోవాలి. ఒక చాయ్ కప్పు, ఒక తందూరు, పచ్చ తలుపు, వేపకొమ్మ ఏదైనా సరే. చట్టం కూడా ఈ వైపు చూసింది. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ఏ వర్గం ప్రజల మత మనోభావాలనైనా నొప్పించే అవకాశమున్న గుర్తును నమోదు చేయరు.

'హలాల్' అనే మాట విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఆ మాట రాయడం తేలిక. మాంసం ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరు జబహ్ చేశారు, పండుగ రోజుల్లో సరుకు చాలనప్పుడు ఎక్కడ కొన్నారు అన్నది యజమానికి తెలియాలి, రశీదు ఉండాలి. అడిగినవారికి చూపించగలిగితేనే బోర్డు మీద రాయాలి. శాకాహారం కూడా పెడుతున్నవారు వేరే గిన్నెలు, వేరే గరిటెలు, వేరే పొయ్యి పెట్టుకున్నప్పుడే ఆ మాట చెప్పుకోవాలి. ఒకరి నమ్మకాన్ని గౌరవించమని అడిగే మనం రెండోవారి నమ్మకాన్నీ అంతే గౌరవంగా చూడాలి.

అక్షరాలు కూడా మాట్లాడతాయి

మన హోటలు బోర్డు మీద సాధారణంగా మూడు లిపులు ఉంటాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు. 1990 నాటి దుకాణాలు, సంస్థల నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగు తప్పనిసరి. ఇతర భాషలు దాని కింద రావాలి. కొత్త బోర్డు గీసేవారు చాలామంది ముందు ఇంగ్లీషు అక్షరాలు అందంగా అమర్చి, మిగిలిన చోట తెలుగును, ఇంకా మిగిలితే ఉర్దూను ఇరికిస్తారు. దాంతో తెలుగు ఒత్తులు కింది గీతకు తగులుతాయి. ఉర్దూ పురుగుల వరుసలా కనిపిస్తుంది.

తెలుగు అక్షరానికి పైన గుడి, కొమ్ము, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి పైనా కిందా చోటు కావాలి. ఉర్దూ నస్తాలీఖ్‌లో మాట కుడివైపు ఎత్తులో మొదలై ఎడమవైపుకు జారుతూ దిగుతుంది. దానికి ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి. ఒకప్పుడు ఈ పని కాతిబ్‌లు చేసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చింది, 1990లలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. పత్రికల్లో కలం పోయి కంప్యూటర్ చేరింది. అయినా హైదరాబాదు ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే దుకాణాల పుణ్యమా అని చేతి రాత తెలిసినవారు పూర్తిగా పోలేదు. హోటలు పేరు ఒక్క మాటే కదా. ఆ ఒక్క మాటను మంచి కాతిబ్ చేత ఒకసారి రాయించుకుంటే అది జీవితాంతం పనికొస్తుంది. బోర్డుకూ, బిల్లుకూ, ఫోనులోని గుర్తుకూ అదే వాడుకోవచ్చు. కంప్యూటర్‌లో అందరికీ దొరికే అక్షరం అందరిదీ. చేత్తో రాయించుకున్న అక్షరం మీ ఒక్కరిదే.

తెలుగు అక్షరాలకూ ఇదే మాట వర్తిస్తుంది. ఊళ్లో బోర్డులు రాసే పెయింటరు ఇంకా ఉంటే ఆయన్ని అడగండి. ఫ్లెక్సీ చవక. కానీ ఎండకు త్వరగా వెలిసిపోతుంది, గాలికి చిరుగుతుంది. వెలిసిన ఫ్లెక్సీ కంటే పాత రంగు బోర్డే మేలు. బోర్డు ఎక్కించే ముందు మూడు పరీక్షలు చేయాలి. రోడ్డుకు అవతలి పక్క నిలబడి చదవాలి. రాత్రి దీపం వెలుగులో చదవాలి. ఫోనులో గోరంత సైజుకు తగ్గించి చూడాలి. మూడింటిలోనూ పేరు తెలిస్తే బోర్డు బాగున్నట్టే. నాలుగో పరీక్ష కూడా ఉంది. బడికి వెళ్లే పిల్లవాడి చేత అక్షరదోషాలు దిద్దించాలి.

ఆడవాళ్లను అడిగారా?

హోటలు రూపం గురించి మాట్లాడేటప్పుడు తండ్రి, కొడుకు, పెయింటరు కూర్చుంటారు. ఇంట్లో ఉన్న తల్లినీ, చెల్లినీ, కోడలినీ ఎవరూ అడగరు. నిజానికి కుటుంబంతో హోటలుకు రావాలా వద్దా అని తేల్చేది చాలా ఇళ్లల్లో ఆడవాళ్లే. వారు చూసేది బోర్డును కాదు. లోపలికి వెళ్లే దారి మగవాళ్ల గుంపు మధ్య నుంచి ఉందా? ఫ్యామిలీ రూమ్ అని రాసిన గదిలో గాలి, వెలుతురు ఉన్నాయా, లేక నూనె డబ్బాలు పేర్చి ఉన్నాయా? మరుగుదొడ్డి ఉందా, దానికి గడియ ఉందా, చేతులు కడుక్కునే చోట నీళ్లు వస్తున్నాయా? చంటిపిల్లను పడుకోబెట్టే బెంచీ ఉందా?

మెనూ కూడా ముఖ్యమే. ధరలు స్పష్టంగా రాసిన కాగితం చేతికిస్తే, డబ్బు లెక్క చూసుకునే ఇల్లాలు ధైర్యంగా ఆర్డరు చెబుతుంది. మెనూలో వేసే బిర్యానీ ఫోటో మీ దేగ్‌లోదే కావాలి, ఎక్కడి నుంచో తీసిన బొమ్మ కాకూడదు. సింగిల్ ప్లేటులో ఎన్ని ముక్కలు వస్తాయో రాస్తే ఇంకా మంచిది. కొలతలో, మాటలో నిజాయితీ అనేది వ్యాపారికి ఏ గుర్తుకన్నా పెద్ద గుర్తు.

చట్టం అడిగేవి కొన్ని ఉన్నాయి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నెంబరు కనపడేలా పెట్టాలి. 2022 జనవరి 1 నుంచి అది బిల్లు మీద కూడా ఉండాలి. 2018 నాటి నిబంధనల ప్రకారం తినుబండారాలను పాత పేపర్లలో చుట్టకూడదు. సిరాలోని రసాయనాలు నూనెకు అంటుకుంటాయి. 2022 చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. కొత్త సంచి అచ్చు వేయించేటప్పుడే ఇవన్నీ చూసుకుంటే రెండుసార్లు ఖర్చు తప్పుతుంది.

పేరు ఎవరి ఆస్తి?

ఇల్లు, పొలం పంచుకునేటప్పుడు పేరు గురించి ఎవరూ మాట్లాడరు. తండ్రి పోయిన నాలుగేళ్లకు అన్నదమ్ములు విడిపోతారు. రోడ్డుకు ఇటు 'ఓల్డ్', అటు 'న్యూ', కాస్త దూరంలో 'ఒరిజినల్' అని అదే పేరుతో మూడు బోర్డులు లేస్తాయి. ముగ్గురూ కోర్టుకు వెళతారు. గిరాకీ నాలుగో హోటలుకు వెళుతుంది. ఇలాంటి వీధులు మనందరం చూసినవే.

కాబట్టి కొత్త బోర్డుకు డబ్బు పెట్టే ముందే పేరును నమోదు చేయించుకోవాలి. హోటళ్లు, ఆహార సేవలు ట్రేడ్ మార్కుల్లో 43వ తరగతి కిందికి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 4,500 రూపాయలు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు ఇచ్చేముందే ఆ పేరు మరొకరు నమోదు చేశారేమో వెతకాలి. లేకపోతే బోర్డు ఎక్కించాక నోటీసు వస్తుంది.

నమోదు ఎవరి పేరు మీద చేయాలన్నది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాలి. హోటలు పేరుకున్న విలువ కూడా తండ్రి విడిచిన ఆస్తిలో భాగమే. వారసుల్లో కొడుకులతో పాటు కూతుళ్లూ ఉంటారు. వారి హక్కు మన ధర్మం నిర్ణయించినదే. పెద్ద కొడుకు చడీచప్పుడు లేకుండా తన ఒక్కడి పేరు మీద నమోదు చేయించుకుంటే అది చెల్లెళ్ల వాటా తిన్నట్టే. ఎవరు నడుపుతారు, ఎవరికి ఎంత వాటా, విడిపోతే పేరు ఎవరికి అన్నది తండ్రి బతికుండగానే కాగితం మీద రాసుకోవాలి.

అందరూ కలిసి కాపాడుకునే పేర్లూ ఉంటాయి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ ఒక్క హోటలుదీ కాని ఆ పేరును తయారీదారులు కలిసి సాధించుకున్నారు. ఒకరితో ఒకరు పోటీపడుతూనే, కలిసి ఒక పేరు నిలబెట్టుకోవచ్చనడానికి అది సాక్ష్యం.

ఏది ముందు, ఏది తర్వాత?

ఖర్చు విషయంలో క్రమం ముఖ్యం. ముందు వంటిల్లు, మరుగుదొడ్డి, దీపాలు. తర్వాత బల్లలు, గ్లాసులు, పనివాళ్లకు శుభ్రమైన చొక్కాలు. ఆ తర్వాత మెనూ, బిల్లు. అన్నిటికంటే చివర బోర్డు. అప్పు చేసి, వడ్డీ కట్టి హంగులు చేయడం వద్దు. ఆ వడ్డీ చివరికి బిర్యానీలో మాంసం ముక్క తగ్గించమని అడుగుతుంది. కొత్త బోర్డు ఎక్కిన రోజునే ధర పెంచకండి. పాత గిరాకీ ఆ రెంటినీ కలిపి లెక్క వేసుకుంటాడు. పది పదిహేను రోజుల ముందే గల్లా దగ్గర ఒక చిన్న కాగితం అంటించండి: బోర్డు మారుతోంది, మేము మారడం లేదు, అదే వంటవాడు, అదే చాయ్. పాత బోర్డును తుక్కువాడికి ఇవ్వవద్దు. తుడిచి లోపలి గోడకు తగిలించండి. పాతవాళ్లకు అది ధైర్యం, కొత్తవాళ్లకు అది చరిత్ర.

మనం మొదట్లో అనుకున్న తండ్రీ కొడుకుల దగ్గరికి మళ్లీ వెళదాం. కొడుకు పదిమందిని అడిగి వచ్చాడు. కాగితం తండ్రి ముందు పెట్టాడు. తాత పెట్టిన పేరు అలాగే ఉంచుదామన్నాడు. పచ్చరంగు ఉంచుదామన్నాడు. వంటింటి గోడ కొట్టించి అద్దం పెట్టిద్దామన్నాడు. తండ్రి ఆ కాగితం చాలాసేపు చదివాడు.

"సరే బేటా. కానీ ఆ ఫ్యామిలీ రూమ్ సంగతి మీ అమ్మను అడిగి చేద్దాం. నూనె డబ్బాలు అక్కడ పెట్టింది నేనే" అన్నాడు.

వచ్చే జుమా రోజున మీ వీధి మలుపు హోటలుకు వెళ్లినప్పుడు బోర్డు వైపు ఒకసారి తలెత్తి చూడండి. అక్కడ చాయ్ బాగుంటే గల్లా దగ్గరున్న పెద్దాయనకు ఆ మాట చెప్పండి. బాగా లేనిది ఉంటే అది కూడా నెమ్మదిగా చెప్పండి. ఏ కొత్త బోర్డూ చెప్పలేని సంగతి ఆయనకు మీ నోట తెలుస్తుంది.